లేస్తున్న పడవ

ఇంజన్ స్పీడు పెంచితే చాలు, వరహాలు కొత్త ఫైబర్ పడవ ముక్కు పైకి లేచిపోతోంది. ఎదురుగా ఏముందో కనబడటం లేదు. నిన్న లంగరేసి ఉన్న బోటుని గుద్దబోయి తప్పించుకున్నాడు.

"నీ ఇంజన్ నాకొద్దు. ఊడదీసి అట్టుకుపో," అన్నాడు ఇంజన్ అమ్మి బిగించిన మెకానిక్‌తో.

ఇంజన్ పోతే ఈ సీజనుకి వేట లేనట్టే. అతని భార్య పోతమ్మ మెకానిక్‌కి అడ్డం నిలబడింది. "ముందు ఓపాలి తోలి సూడు బాబూ."

మెకానిక్ వరహాలుని ముందుకెళ్ళి కూర్చోమని, తానే ఇంజన్ పట్టుకుని హార్బర్లో ఒక రౌండు కొట్టాడు. పడవ ఎక్కడా లేవలేదు.

"ఇంజన్‌కేం కాలేదు భాయ్. నువ్వు నూరు కిలోలుంటావు. ఇంజనూ నువ్వూ ఇద్దరూ వెనకే ఉంటే ముక్కు లేవదా? ఎవరైనా బక్క మనిషిని వెనక పెట్టుకో."

దగ్గర్లో ఉన్న బక్క మనిషి పోతమ్మ ఒక్కతే.

"ఆడది పడవెక్కితే గంగమ్మ ఊరుకోదు," అన్నాడు వరహాలు.

"గంగమ్మేటి, మగోడా?" అని పోతమ్మ చీర ఎగదోపి ఎక్కేసింది. సాయంత్రానికి మెకానిక్ ఆమెకి ఇంజన్ నడపడం నేర్పేశాడు.

మర్నాడు పడవ సాఫీగా వేటకి పోతోంది. పక్క బోటు మీంచి ఒకడు కేకేశాడు.

"ఏటి బావా! ఇంజన్ మా పోతమ్మప్పకిచ్చీసి ముందు కూకున్నావ్?"

వరహాలు కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని సముద్రంకేసి చూశాడు.

"సేపలెక్కడున్నాయో సూత్తన్నాను. ఇంజన్‌దేటుంది, ఎవులైనా తోలతారు."

వెనక పోతమ్మ ఇంజన్ స్పీడు పెంచింది. పడవని సరాసరి పెద్ద కెరటం మీదికి పోనిచ్చింది. నీళ్ళన్నీ వరహాలు నోట్లోకే వెళ్ళాయి.