కాకి చూపించని గేదెలు

మడుగు గట్టున ఒక కాకి పెత్తనం చేస్తుండేది. ఈడు ముదిరిన గేదెలన్నీ ఏటా ఒకనాడు పొద్దున్నే వరుసగా నిలబడి దానికి చెవులు అప్పగించాలి. రక్తం పీల్చే పిడుదు పురుగు ఉన్నా లేకున్నా అది లోపలిదాకా పొడిచి చూసి, ముక్కుకంటిన నెత్తురు చప్పరించి, "బాగానే ఉంది, మళ్లీ రా" అనేది.

ఆ రోజు చుక్కగేదె వంతు వచ్చింది. నిరుడు కాకి పొడిచిన పుండే దానికింకా మానలేదు. చెవి విదిలించి, "నాకు దురదా లేదు, నొప్పీ లేదు. ఎందుకు పొడుస్తావ్?" అంది.

"పిడుదు ముదిరితే ప్రాణం మీదికొస్తుందే పిచ్చిదానా! నేను పొడిచినవన్నీ చూడు, నిక్షేపంగా ఉన్నాయి."

"అవతలి గట్టు గేదెల్ని నువ్వెప్పుడూ ముట్టుకోలేదుగా! అవీ మాలాగే మేస్తున్నాయి, మాలాగే ఈనుతున్నాయి. చెవులకి పుండ్లు మాత్రం లేవు. వాటి ఊసెత్తవేం?"

"వాటి అదృష్టం" అని గొణిగింది కాకి.

"మందకి మందా అదృష్టమేనా? పిడుదు కుట్టిన రోజున నేనే పిలుస్తాను, రా. అప్పటిదాకా నా చెవి జోలికొచ్చావో, కొమ్ముతో కుమ్మేస్తాను!" అని చుక్కగేదె మడుగులోకి దిగిపోయింది.

"తర్వాతెవరు?" అని అరిచింది కాకి.

ఒక్క గేదె కూడా కదల్లేదు. అన్నీ అవతలి గట్టు గేదెల చెవులకేసే చూస్తున్నాయి.