బెంచీ మీద ఇద్దరు

ముందు వాసనే వస్తుంది. మొహం ఆ తరవాత.

తడిసిన ఉన్ని, నొప్పుల మందు, గొర్రెమాంసం కూరిన పై రొట్టెల నూనె. రగ్బీ మైదానాల్లో ఈ కంపు ఎప్పుడూ ఉండేదే. దాని అడుగు నుంచి సన్నగా, చల్లగా పిప్పరమెంటు వాసన. మటాయో ఉమ్మేశాడు. నోరు శుభ్రపడలేదు.

ఇంకా నాలుగు నిమిషాల ఆట ఉంది. చేతిలో కార్డు, పెన్సిలు. ఆటగాణ్ణి మార్చాలంటే దిగబోయేవాడి నంబరు కార్డు మీద రాసి, గీత పక్కన నిలబడ్డ అధికారికి ఇవ్వాలి. ఇది జట్టు మేనేజరు పని. మటాయో మేనేజరు. ఈ దేశం రెండో జట్టుకి.

జపాన్ మీద ముప్పై పాయింట్లు పైన ఉన్నారు. ఎవరు దిగినా ఒకటే. కోచ్ కూడా అదే అన్నాడు. బూటుతో బురద గీకుతూ, మొహం చూడకుండా, నీ ఇష్టం అన్నాడు. ఆ సమోవా వాడు మనకే ఉండిపోతే బాగుండును, అయినా అది నేను చెప్పే మాట కాదు అని కూడా అన్నాడు.

చెప్పే మాట కాదట. వీళ్లెప్పుడూ చెప్పరు. చెప్పకుండానే కనిపెట్టేవాడొకణ్ణి పక్కన పెట్టుకుంటారు.

బెంచీ మీద ఇద్దరే మిగిలారు. ఒకడు క్రెయిగ్. ముప్పై రెండేళ్లవాడు. పెద్ద జట్టుకి ఏనాడో ఆడేశాడు. ఇవాళ దిగినా, దిగకపోయినా వాడికి వచ్చేదీ పోయేదీ లేదు. రెండోవాడు ఫిలిపో. వాడికి తన పెద్దల దేశం సమోవా నుంచి ఉత్తరం వచ్చింది, వచ్చే నెల వాళ్ల జట్టులో చేరమని. వాడి అన్న అప్పటికే అందులో ఉన్నాడు. అన్న పక్కన నిలబడి, ఆటకి ముందు ఆ జట్టు చేసే యుద్ధనృత్యం చెయ్యాలని వాడి కోరిక. కానీ ఈ రెండో జట్టు చొక్కాతో ఒక్క క్షణం గీత దాటితే చాలు, మరో దేశానికి ఆడే దారి జన్మలో ఉండదు. నియమం అది.

అన్నీ తెలిసే వాడు ఇక్కడికి వచ్చాడు. మటాయో పిలిచాడు కాబట్టి. ఊరికే కూర్చుందువు గాని, నాలుగు రోజులు సాధన చేసుకో అన్నాడు కాబట్టి. మటాయోదీ సమోవానే. పెద్దవాడు పిలిస్తే ఎందుకని అడగడం వాళ్లలో లేదు. బస్సు దగ్గర ఫిలిపో తల్లి, కొబ్బరిపాలు పోసి ఆకుల్లో ఉడికించిన పొట్లాలు మటాయో చేతికిచ్చి, నీ చేతుల్లో పెడుతున్నానంది.

టోమాసి తల్లి కూడా అలాగే ఇచ్చింది.

ఎనిమిదేళ్లయింది. అదీ ఇలాంటి వానే, ఇదే జట్టు, బెంచీ మీద ఫిలిపో ఈడు టోమాసి. అప్పటి మేనేజరు వచ్చి టోమాసి పక్కన కూర్చున్నాడు. నోట్లో పిప్పరమెంటు బిళ్ల. లావుపాటి చెయ్యి. వీపు మీద రెండుసార్లు తట్టి, ఒక్క నిమిషమే కదా అన్నాడు. టోమాసి నవ్వుతూ పరిగెత్తాడు. యాభై సెకన్లు. బంతి వాడి దాకా రానేలేదు. ఆ తరవాత ఈ జట్టు వాణ్ణి పిలవనూ లేదు, సమోవా పిలిస్తే నియమం వెళ్లనివ్వనూ లేదు. ఇప్పుడు కబేళాలో గొర్రె కళేబరాలు మోస్తున్నాడు. అంతకన్నా రోత ఇంకోటుంది. చావులకీ పెళ్లిళ్లకీ ఆ మేనేజరు ఎదురైతే టోమాసి ఇప్పటికీ తల వంచి పలకరిస్తాడు.

ఆ మేనేజరుకేం, బాగానే ఉన్నాడు. ఆదివారం చర్చిలో ముందు బల్ల మీద కూర్చుని గొంతెత్తి పాడతాడు. పొద్దున్నే గడ్డం గీసుకుంటుంటే మటాయోకి ఆ మొహమే కళ్ల ముందుకొస్తుంది. కాసేపు బ్లేడు ఆపేస్తాడు. ఆ బుగ్గలు, ఆ మెత్తటి నవ్వు. ఏ పామునో తొక్కినట్టు ఒళ్లు జలదరిస్తుంది.

"మాట్, నన్ను పంపవయ్యా బాబూ," అన్నాడు క్రెయిగ్, అరచేతుల్లోకి ఊదుకుంటూ. "ఇంకాసేపుంటే నా పిర్రలు ఈ బెంచీకి అంటుకుపోతాయి. మా ఆవిడకి బెంచీతో సహా పంపాల్సొస్తుంది."

ఫిలిపో నవ్వాడు. నవ్వు ఆగిపోయింది. వాడి చూపు మటాయో చేతిలోని కార్డు మీద పడింది.

"బాబాయ్, నన్ను దింపవు కదా?"

మటాయో కార్డు మీద పడ్డ చినుకులు తుడిచాడు.

"ఉత్తరం వచ్చాక అమ్మ దాన్ని దిండు కింద పెట్టుకు పడుకుంటోంది," అన్నాడు ఫిలిపో. "నువ్వున్నావనే నన్ను పంపింది."

క్రెయిగ్ నంబరు పంతొమ్మిది. ఫిలిపోది ఇరవై రెండు. రెండు నంబర్లలో ఏదో ఒకటి. పంతొమ్మిది రాస్తే ఏమవుతుంది? ఏమీ కాదు. కోచ్ ఒక్క మాటా అనడు. వచ్చే ఏడు ఈ జట్టు కోటు ఇంకెవడి ఒంటి మీదో ఉంటుంది, అంతే. అంతేనా అని తనని తనే అడిగాడు. అంతే అని లోపల్నుంచి ఎవరో అన్నారు. ఆ గొంతంటేనే అతనికి రోత.

బంతి గీత దాటి బయటికి పోయింది. రెఫరీ ఈల వేశాడు. అధికారి చెయ్యి చాపాడు.

మటాయో కార్డు మీద రాశాడు. తడికి పెన్సిలు పట్టలేదు. రెండోసారి గట్టిగా దిద్ది, అధికారి చేతిలో పెట్టాడు. వేళ్లు ప్యాంటుకి తుడుచుకుని వచ్చి బెంచీ మీద కూర్చున్నాడు.

కోటు జేబులోంచి పిప్పరమెంటు బిళ్ల తీసి నోట్లో వేసుకుని, ఎనిమిదేళ్ల కిందట తను టోమాసి వీపు మీద తట్టినట్టే, ఫిలిపో వీపు మీద రెండుసార్లు తట్టాడు.