చెయ్యెత్తు దేహరీ

"ఇంతేనా శిక్ష?" లౌటన్ నవ్వు ఆపుకోలేకపోయాడు.

"ఇంతే," అన్నాడు ఊరిపెద్ద జోఖన్. "పెళ్ళాం మీద చెయ్యి చేసుకున్నావు. ఇప్పుడు ఆడవాళ్ళకి ఓ చెయ్యి వెయ్యి. మట్టి తొక్కు, నీళ్ళు మొయ్యి. ఎలా కట్టాలో వాళ్ళిష్టం. నువ్వు నోరెత్తకు."

జరిమానా కింద పంది పోతుందని భయపడుతూ వచ్చినవాడు ఈల వేసుకుంటూ ఇంటిదారి పట్టాడు. అతని అసలు భయం పంది గురించి కాదు. కోతల ముందు ఫుల్‌మతియా పుట్టింటికి వెళ్ళిపోతుందేమోనని. ఆమె అడిగింది మాత్రం దేహరీ! పైన మూతి, కింద కన్నం ఉండే మట్టి గాదె. కొత్త గాదె కావాలన్న ఆడది ఇల్లు వదిలి ఎక్కడికి పోతుంది?

"దేహశుద్ధి చేసినవాడికి దేహరీ సేవ!" అనుకుని, తన చమత్కారానికి తానే మురిసిపోయాడు.

మర్నాడే ఆడవాళ్ళు దిగారు. జోఖన్ భార్య లహనియా ముందు నడిచింది.

"మరిదీ, మట్టిని మెత్తగా తొక్కాలి. పెళ్ళాన్ని తొక్కినట్టు కాదు."

"వదినా, నీ నోటికి మూతే లేదా?"

"నాకు లేదు. నువ్వు మూసింది మా చెల్లి కన్ను."

ఫుల్‌మతియా ఎడమకన్ను ఇంకా పూర్తిగా తెరుచుకోలేదు. లౌటన్ తల వంచుకుని మట్టి తొక్కాడు.

ఇల్లు రైలుపెట్టెలా పొడుగ్గా ఉంటుంది. అడ్డగోడలు లేవు. వరసగా నిలబెట్టిన దేహరీలే అడ్డం. లౌటన్ అన్న వేరు కాపురం పెట్టినప్పుడూ అన్నదమ్ముల వాటాల మధ్య సరిహద్దు అవే. ముందువైపు గేదెలు, లౌటన్ మంచం. వెనకవైపు పొయ్యి, ఫుల్‌మతియా చాప, పెరటి తలుపు. మధ్య వరసలో నడవడానికి ఒక సందు. కొత్త దేహరీ ఆ సందులోనే అన్నారు.

"మరి నేను అన్నానికి ఎటు రావాలి?"

"పెరటి వైపు చుట్టి రా. తిన్నది అరుగుతుంది."

"ఎంత ఎత్తు కడదాం?" అని అడిగింది ఫుల్‌మతియా.

"చెయ్యెత్తి నిలబడు మరిదీ," అంది లహనియా. "నీకు అలవాటేగా!"

లౌటన్ సిగ్గుపడుతూ చెయ్యెత్తాడు. వేలికొసల పైన ఇంకో జానెడు కొలిచి, పక్క స్తంభం మీద బొగ్గుతో గీత గీశారు.

"అమ్మో! అంత పెద్దదాన్లో ఏం పోస్తావే?" అన్నాడు భార్యతో.

"నిద్ర."

ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఫుల్‌మతియా కూడా నవ్వింది. అది చూసి లౌటన్ గుండె గాదె అంత అయింది.

ఒక వరస ఆరాక మరో వరస లేచింది. లౌటన్ ఊక తెచ్చి మట్టిలో కలిపాడు. పనిలో పనిగా ఊకదంపుడు కబుర్లూ కలిపాడు. చివరి వరస నాడు మాత్రం లహనియా అతన్ని బయటికి తరిమింది.

"మగాడి చూపు పడితే మట్టి బీటలు వారుతుంది. పో, పొలంలో నత్తలు ఏరుకురా."

"నా చూపుకి అంత బలమా?"

"నీ బలం ఊరంతా చూసిందిలే. పో!"

సాయంత్రం నత్తల కూర, బియ్యపు కల్లు. జోఖన్ వచ్చి దేహరీని చేతికర్రతో తట్టి చూశాడు.

"గట్టిదే. దీన్ని కదిపినవాడు ఊరికి జవాబు చెప్పుకోవాలి."

"కదిపితే నా చెయ్యి విరిచెయ్యండి పెద్దాయనా!" కల్లు ముంత పైకెత్తి, అందరి ముందూ ఒట్టు పెట్టాడు లౌటన్. "ఇది నేను తొక్కిన మట్టి. నా కాపురం లాంటిది!"

"అచ్చం అలాంటిదే," అంది లహనియా.

కోతలయ్యాయి. ఫుల్‌మతియా ఎక్కడికీ పోలేదు. వడ్లు నూర్చిన సాయంత్రం లౌటన్ నిండు బుట్ట నెత్తికెత్తుకుని, దేహరీకి నిచ్చెన వేసి ఎక్కాడు.

"ఫుల్‌మతీ! ఇలా వచ్చి బుట్టకి ఓ చెయ్యి వెయ్యవే!"

పెరటి తలుపుకి లోపలినుంచి గడియ పడిన చప్పుడు వినిపించింది. తన పిలుపు ఆమెకి వినపడలేదేమో అనుకుని, లౌటన్ ఒక చేత్తో దేహరీ నెత్తిని తడిమాడు. ఈ అంచు నుంచి ఆ అంచు దాకా నున్నగా, గట్టిగా, తను తొక్కిన మట్టే.

మూతి లేదు.