తొట్టిలో నీళ్ళు

"శవం లేచిన ఇంట్లో నిలవనీళ్ళు ఉండకూడదు. ఆ అద్దాల తొట్లోవి గూడా పారబొయ్యాల" అంది తిరుమలమ్మ.

ఆమె కొడుకు మునిప్రసాద్‌ను తీసుకెళ్ళి గంట కాలేదు. మగవాళ్ళింకా శ్మశానం నుంచి రాలేదు. ఆడవాళ్ళు బిందెలు, బకెట్లు, చివరికి ఫిల్టరులోని నీళ్ళు కూడా వీధి కాలువలో కుమ్మరించేశారు. మిగిలింది అక్వేరియం ఒక్కటే. అందులో చేపల్లేవు. కల్యాణి డ్యాం అంచున మునిప్రసాద్ ఏరుకొచ్చిన, ప్రాణమున్న ఆల్చిప్పలు ఇసుకలో సగం కూరుకుని ఉన్నాయి.

అతని భార్య కోమలికి పొద్దుటి నుంచి ఒక్క కన్నీటి బొట్టు రాలేదు. మనసు మొద్దుబారిపోయింది. అయినా వెళ్ళి తొట్టికి అడ్డంగా నిలబడింది.

"వద్దత్తా. ఈ పచ్చనీళ్ళలోనే వాటి తిండి ఉండాది. కొళాయి నీళ్ళు పోస్తే సచ్చిపోతాయని ఆయన సెప్పినాడు."

"వాడే పోయినాడు. ఇంక గుల్లల మాటెందుకు?"

ఒక్క చెంబుడైనా ఉంచుకుంటానని కోమలి అడిగింది. అత్త ఒప్పుకోలేదు. చుట్టాలకు ఇలాంటప్పుడే పద్ధతులు బాగా గుర్తొస్తాయి. అంతా తిరుమలమ్మనే సమర్థించారు. మొగుడి కోసం ఏడవనిది గుల్లల కోసం కొట్లాడుతోందని ఎవరో గొణిగారు. అది విన్నా కోమలికి కోపం కూడా రాలేదు. పక్కకు తప్పుకుని, తలకు పోసుకోవడానికి వెళ్ళిపోయింది.

తిరిగొచ్చేసరికి తొట్టి వరండాలో బోర్లించి ఉంది. తిరుమలమ్మ ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా అంతా తానే ఎత్తిపోసిందని, ఆ వయసులో ఎంత ఓపికోనని చుట్టాలు మెచ్చుకున్నారు. కోమలి తలూపింది. లోపల ఏమీ కదల్లేదు.

తడిసిపోయిన అత్తకు పొడిచీర తెమ్మని ఒకామె పురమాయించింది. చీరలు అత్త గదిలో మంచం కింద పెట్టెలో ఉంటాయి. కోమలి వంగి పెట్టె లాగబోతే చేతికి బకెట్ తగిలింది. దాని మీద మునిప్రసాద్ తువ్వాలు కప్పి ఉంది. తీసి చూసింది.

అవే పచ్చనీళ్ళు. అడుగున ఇసుక. ఇసుకలో ఆల్చిప్పలు.

వెనకే తడిచీరతో తిరుమలమ్మ వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"కప్పెయ్ మే. ఎవురన్నా సూస్తే పారబొయ్యమంటారు."