ముందు నేనే

"ముందు నేనే ఎక్కాలి!"

పడవ రేవులో ఆగిందో లేదో, ఒక ముసలావిడ తన చక్రాల కుర్చీలో వరుసను దాటుకుని లిఫ్టు దగ్గరికి వచ్చేసింది.

పడవ నడిపే సరంగు తల పట్టుకున్నాడు. నడవలేనివాళ్లను కాలువ మీద తిప్పి తెచ్చే ఆ పడవలో అతను చేరింది ఈ ఎండాకాలమే. మనిషిని కుర్చీతో సహా గట్టు మీంచి పడవలోకి దింపే లిఫ్టు ఒక్కటే ఉంది. ఒకరి తర్వాత ఒకరు దిగాలి. ఏ వారమైనా మొదట దిగేది ఈవిడే. అందరూ ఆమెను ఫస్టు బామ్మ అనేవారు.

పోనీ ఎక్కాక కాలువ అందాలు చూస్తుందా అంటే అదీ లేదు. లిఫ్టు వంకే కళ్లప్పగించి కూచుంటుంది. ఆఖరి మనిషి కూడా పడవలోకి దిగాక కళ్లు మూసుకుని కునుకు తీస్తుంది. గాడిదకేం తెలుసు గంధపు చెక్కల వాసన అనుకునేవాడు సరంగు.

ఆ రోజు వరుసలో ముందున్నది పక్షవాతం వచ్చిన ఒక మాస్టారు. మొదటిసారి వచ్చాడు.

"బామ్మగారూ, ఇవాళ మాస్టారు ముందు. మీరు ఆఖరున రండి."

"వద్దు నాయనా. ముందు నేను."

"కిటికీ పక్క చోటు మీకే ఉంచుతాలెండి."

"కిటికీ నాకెందుకు? నన్ను దింపి, తర్వాత ఎవరినైనా దింపుకో."

"ఎందుకో చెప్పండి మరి."

బామ్మ మాస్టారి వైపు, వెనకున్నవాళ్ల వైపు చూసింది. ఏదో చెప్పబోయి ఆగిపోయింది.

"నాకలా అలవాటు" అంది.

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. సరంగుకు ఒళ్లు మండింది.

"పెద్దవారని ఊరుకుంటుంటే నెత్తికెక్కుతున్నారు. ఆఖరున దిగుతారా, గట్టు మీదే ఉంటారా?"

బామ్మ మొహం పాలిపోయింది.

"గట్టు మీదే ఉంటాలే. మాస్టారిని మెల్లిగా దింపు బాబూ, నీకు దండం పెడతాను."

పడవ కదిలేటప్పుడు సరంగు వెనక్కి చూశాడు. ఆఖరి కుర్చీ దిగేదాకా ఎండలోనే ఉన్న బామ్మ, అప్పుడు తన కుర్చీ తిప్పుకుని వెళ్లిపోతోంది.

ఆ వారమంతా అతనికి ముద్ద దిగలేదు. పెద్దావిడను నలుగురిలో అంత మాట అన్నానే అని బాధపడ్డాడు. ఈసారి తనే "ముందు మీరే బామ్మగారూ" అని పిలవాలనుకున్నాడు.

రేవులో వరుస ఉంది. బామ్మ లేదు.

"ఫస్టు బామ్మ అలిగిందా?" వాళ్లను తీసుకొచ్చిన నర్సును అడిగాడు.

"మొన్న నిద్రలోనే పోయింది."



"అంత సరదా పడే మనిషిని ఎక్కనివ్వలేదమ్మా నేను."

"సరదానా? ఆవిడకు లిఫ్టంటే ప్రాణభయం."

"మరి ముందు నేనే అని ఆ పోట్లాట దేనికి?"

"లిఫ్టుకు ఏమైనా అయితే ఆ దెబ్బేదో తనకే తగలాలని. ఆ మాట పైకంటే మిగతావాళ్లు భయపడి పడవ మానేస్తారని నోరు విప్పేది కాదు."

"దానికేమవుతుంది? కొత్త లిఫ్టు కదా!"

నర్సు వరుసకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"మీకంటే ముందు ఎన్నో ఏళ్లు ఈ పడవకు సరంగు ఆవిడే. పాత లిఫ్టు గొలుసు తెగిన రోజు, కుర్చీలో ఉన్న మనిషి కింద పడకుండా వీపు అడ్డం పెట్టి నడుము పోగొట్టుకుంది."