నంది-1

"మడిపంచెతో ఆ కంప్యూటర్ ముట్టుకుంటారా?" వంటింట్లోంచి నాగేశ్వరి గొంతు.

"మళ్ళీ స్నానం చేస్తాలే," అన్నాడు శ్రీకృష్ణ, తెర మీంచి చూపు తిప్పకుండా.

తొమ్మిదింపావు. పదిన్నరకి శాస్త్రిగారు వస్తారు. ఈరోజు నాన్న ఆబ్దికం. ఈలోగా ఒక్క సంగతి తేలాలి. తెర మీద తన ఓడ పక్కనే ఎగురుతున్న 'నంది-1' తన అన్నయ్యా, కాదా?

ఇరవై ఏళ్ళ కిందట కృష్ణానగర్ ఒంటిగదిలో అన్నదమ్ములిద్దరూ ఉండేవారు. డబ్బింగ్ థియేటర్లలో సౌండ్ పని నేర్చుకుంటున్న రోజులు. ఖాళీ దొరికితే ఈ అంతరిక్షం ఆటే. కీబోర్డు ఒకటే. అన్నయ్య బసవపున్నయ్య ఓడ నడిపేవాడు, శ్రీకృష్ణ తుపాకులు పేల్చేవాడు. ఓడ పేరు నంది.

పోయిన నెల అటక సర్దుతుంటే ఆ సీడీ దొరికింది. ఇంటర్నెట్‌లో వెతికితే తెలిసింది, ఆట తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడిందని. అభిమానులు మాత్రం వదల్లేదు. సొంతంగా ఒక మాడ్, అంటే పాత ఆటకి తగిలించే కొత్త మార్పు, తయారుచేసి, ఒంటరిగా ఆడే ఆటని పదిమంది కలిసి ఆడేట్టు మార్చేశారు. లోపలికి వెళ్ళి చూస్తే ఆడేవాళ్ళ జాబితాలో ఒక పేరు: నంది-1.

తను నంది-2 అని పెట్టుకుని చేరిపోయాడు. మూడు వారాలుగా కలిసి ఆడుతున్నారు. ఎవరని అతను అడగలేదు, ఇతను చెప్పలేదు. మైకులో మాట్లాడుకునే వీలున్నా అటునుంచి రాతే వచ్చేది, అదీ ఆలస్యంగా, ఒకటి రెండు మాటలు.

అనుమానం కూడా లేకపోలేదు. మొన్న కొండంత రాయి ఎదురుగా ఉంటే నంది-1 తిన్నగా వెళ్ళి గుద్దుకుంది. అన్నయ్యయితే అంత రాయి చూసుకోడా?

నాగేశ్వరి గుమ్మంలోకి వచ్చింది. చేతికి గారెల పిండి. "ఆయనే అనుకోండి, అయితే ఏంటి? నిరుడు గుడి మెట్ల మీద, కూతురు హరిణి చెయ్యి పట్టుకుని మన పక్కనుంచే వెళ్ళాడు. సొంత తమ్ముడు ఎదురుగా నిలబడితే పలకరించలేదు. అంత పంతమున్న మనిషి కోసం మీకెందుకండీ ఈ తాపత్రయం?"

"పంతం నాది మాత్రం తక్కువా?"

ఐదేళ్ళ కిందటి మాట అది. ఫిల్మ్ నగర్‌లో ఇద్దరికీ సొంత స్టూడియో. ఒక పెద్ద సినిమా చివరి రీలులో హీరో పెదవులు ఒకటంటే మాటలు మరొకటి అన్నాయి. ఆ రీలు ఆఖరిసారి సరిచూసింది బసవపున్నయ్య. "ఊరంతటికీ కనపడింది, నీకు కనపడలేదా? కళ్ళు నెత్తికెక్కాయా?" అన్నాడు శ్రీకృష్ణ, స్టూడియోలో అందరి ముందూ. అన్నయ్య తాళాలు బల్ల మీద పెట్టి బోరబండలో ఇల్లు తీసుకుని వెళ్ళిపోయాడు.

"పెద్దవాడు ఉండగా ఐదేళ్ళుగా పిండం నేను పెడుతున్నా. నాన్నకి చేరుతోందంటావా?"

"వేరుపడ్డాక ఎవరిది వాళ్ళు పెట్టుకోవచ్చని శాస్త్రిగారే అన్నారుగా."

"శాస్త్రిగారు అన్నారు. నాన్న ఏమంటున్నాడో ఎవరికి తెలుసు?"

నాగేశ్వరి తెర కేసి చూసింది. అలాగే నిలబడిపోయింది.

తెర మీద ఎర్రదీపం వెలిగింది. దొంగ ఓడలు నాలుగు. చూస్తుండగానే శ్రీకృష్ణ రాడార్ దెబ్బతింది. ధూళిమేఘంలో ఏ ఓడ ఎటుందో తెలియడం లేదు. అదే అదనని గబగబా టైప్ చేశాడు. "కృష్ణానగర్ పద్ధతి గుర్తుందా?"

జవాబు లేదు. పది సెకన్లు. పదిహేను. ఓడ కవచం సగానికి పడిపోయింది.

"అన్నయ్య కాదేమోనండీ," అంది నాగేశ్వరి మెల్లగా.

అప్పుడు నంది-1 ఇంజన్ ఆపేసింది. దీపాలన్నీ ఆర్పేసింది. ఒక్క మాట వచ్చింది. "విను."

శ్రీకృష్ణ కూడా ఇంజన్ ఆపి ఇయర్‌ఫోన్స్ చెవులకి నొక్కుకున్నాడు. అతనికి గుయ్యిమనే శబ్దం తప్ప ఏమీ అర్థం కాలేదు.

"ఎడమ. కింద."

పేల్చాడు. మేఘంలో మంట లేచింది.

"వెనక. ఇంకా వెనక. ఇప్పుడు."

రెండోది. మూడోది. నాలుగోది పారిపోయింది.

శ్రీకృష్ణ పంచె చెంగుతో మొహం తుడుచుకున్నాడు. శబ్దాన్ని బట్టి ఓడ ఎక్కడుందో చెప్పగలిగినవాణ్ణి జీవితంలో ఒక్కణ్ణే చూశాడు.

"అన్నయ్యా, ఈరోజు నాన్న తిథి."

చాలాసేపటికి వచ్చింది. "తెలుసు."

"పదిన్నరకి శాస్త్రిగారు వస్తారు. పెద్దవాడివి, నువ్వు కూర్చోవాలి. ఆ రోజు అనకూడని మాట అన్నాను. మనసులో పెట్టుకోకు."

ఈసారి మరీ ఆలస్యమైంది. నాగేశ్వరి చేతి మీద పిండి ఆరిపోయింది.

"నువ్వన్నదాంట్లో అబద్ధం లేదురా. నాకు కనపడలేదు. వస్తున్నా."

"చూశావా?" అన్నాడు శ్రీకృష్ణ. "ఇన్నాళ్ళకి తప్పు ఒప్పుకున్నాడు."

"ఇంకో విస్తరి వేస్తాను," అంది నాగేశ్వరి, కళ్ళొత్తుకుంటూ. "మీరు ముందు స్నానం చేయండి."

స్నానం చేసి, తడిపంచెతోనే దర్భలు సర్దేసరికి వాకిట్లో ఆటో ఆగింది. ముందు హరిణి దిగింది. "ఇటు నాన్నా, ఒక మెట్టు," అంటోంది. అన్నయ్య జుట్టు నెరిసింది. నవ్వుతూ, తమ్ముడి భుజం పక్కన ఉన్న గోడకేసి చూస్తూ అడిగాడు. "ఆ నాలుగోది ఎలా తప్పించుకుందిరా? హరిణి నా మాట టైప్ చేసేలోపేనా?"

శ్రీకృష్ణ ఆ గోడకేసి చూశాడు, తర్వాత అన్నయ్య కళ్ళకేసి.

బసవపున్నయ్య చేతిలోని తెల్లకర్ర గడప కోసం తడుముతోంది.