ఊఁ అన్న పాపానికి

గోడలకు చెవులుంటాయనేవారు. ఇప్పుడు నోళ్ళు కూడా వచ్చాయి. పాత పురాణాలు కలిపి, ఇంట్లోవాళ్ళ ముఖాలతోనే రోజుకో సినిమా అల్లి, తామే తెరలై చూపిస్తాయి. ఎవరో ఒకరు ఊఁ కొడుతుంటే చాలు, కథ సాగుతుంది.

ఐదేళ్ళ ఆమని గోడ ముందు కూర్చుని చూస్తోంది. తల్లి మేదిని వంటింట్లో బెండకాయలు తరుగుతూ అలవాటుగా ఊఁ కొడుతోంది.

"రాక్షసుడికి రోజూ బండెడు అన్నం, ఇంటికో మనిషి. ఈ రోజు మీ వంతు. మీ పాపని పంపుతారా అమ్మా?" అడిగింది గోడ.

"ఊఁ."

మరుక్షణం చేతిలో కత్తి ఆగింది. మేదిని పరుగెత్తుకొచ్చింది.

"ఆపు! నేను వినకుండా అనేశాను!"

"ఊఁ అన్నారు కదండీ," అంది గోడ. తెర మీద ఆమని బండెక్కింది.

తెర ముందున్న ఆమని ఏడవలేదు. చెప్పులు వేసుకుంటోంది.

"ఆ అన్నమంతా రాక్షసుడికేనా అమ్మా? నాక్కూడా కొంచెం పెడతావా?"